తొట్టి అడుగు రసం

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదట పగిలింది అద్దం. పగలగొట్టింది మా ఆయన.

దువ్వెన కనబడలేదట, అంతే. గోడకున్న అద్దాన్ని మేకుతో సహా పీకి నేలకేసి కొట్టాడు. అరికాళ్ళలో పెంకులు గుచ్చుకుంటున్నా వాటి మీదే నడుచుకుంటూ పనికి వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా రక్తం మరకలు. నేనూ మా అత్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఆ మనిషికి పనిచేసే చోట పెట్టిన పేరు వెన్నముద్ద. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. గొంతు పెంచే పని మా ఇంట్లో నాది.

"ఎండ తలకెక్కింది వాడికి," అంది అత్త, పెంకులు ఊడుస్తూ. "ఇవాళ్టి నుంచి ఇంకో గ్లాసు రసం ఎక్కువ పొయ్యాలి."

ఆ రసం సంగతి చెప్పాలి.

మా ఆయనా, మా మరిదీ పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించి దిమ్మెలు పోసే షెడ్డులో పనిచేసేవాళ్ళు. కొలిమి మీద పొగ లాగేయడానికి ఒక పెద్ద ఫ్యాన్ ఉండేది. చలికాలంలోనే అది కాలిపోయింది. బాగు చేయించండి సారూ అని పనివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. యజమాని పిల్లికి బిచ్చం పెట్టని రకం. ఇదిగో అదిగో అంటూ ఎండలు ముదిరేదాకా లాక్కొచ్చాడు. ఇక కొలిమి ఆర్పేస్తామని అందరూ ఒక మాట మీదికి వచ్చాక, ఒక పొద్దున చేతిలో పేపరు ముక్క పట్టుకుని షెడ్డులోకి వచ్చాడట.

ఆ సాయంత్రం మరిది యజమాని వేషం కట్టి, పొట్ట ముందుకు పెట్టి, మాకు చదివి వినిపించాడు.

"ఎవరో పెద్ద పెద్ద చదువులవాళ్ళు ఎలుకలకి విషం పెట్టారంట వదినా. కొన్నిటికి ఉత్త విషం. కొన్నిటికి విషంతో పాటు క్యారెట్టు, బీట్‌రూట్ రసం. ఉత్త విషం తిన్నవాటికి లివరూ కిడ్నీలూ పాడైపోయాయంట. రసం తాగినవి నిక్షేపంలా ఉన్నాయంట. కాబట్టి రేపట్నుంచి మనందరికీ రోజూ రసం."

"మరి ఫ్యానో?" అన్నాను.

"అదే అడిగాం. ఎలుకలకి ఫ్యాన్ పెట్టారా అన్నాడు."

కడుపుబ్బా నవ్వుకున్నాం. మా ఆయన కూడా తలొంచుకుని తనలో తను నవ్వుకున్నాడు. అది ఆయన మామూలు నవ్వు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని చూడలేదు కాబట్టి నాకు బాగా గుర్తు.

రసం తీసే పని మా ఇంటికి వచ్చింది. మామయ్య పోయిన దగ్గర్నుంచి మూలన కూర్చున్న అత్తకి ప్రాణం లేచొచ్చింది. యజమాని కూరగాయలు బస్తాల్లో పంపేవాడు. నేను కడిగి కోరేదాన్ని, అత్త గుడ్డలో వేసి పిండేది. మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని నేను వీధి గుమ్మంలోకి వస్తే, ఎవర్నో పొడిచి వచ్చినట్టు జనం తప్పుకునేవాళ్ళు. సాయంత్రం పిండి, పాడవకుండా నిమ్మకాయలు కలిపి ఉంచేవాళ్ళం. పొద్దున్నే మరిది తోపుడు బండి మీద షెడ్డుకి పట్టుకెళ్ళేవాడు.

చిక్కంతా గిన్నెతో వచ్చింది. అంతమందికి సరిపడే గిన్నె మా దగ్గర లేదు. షెడ్డులో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ యాసిడ్ కంపు. ఇనప డ్రమ్ములో పోస్తే తెల్లారేసరికి రసం నల్లబడి, తుప్పు కంపు కొట్టేది. అత్త మొహం మాడ్చుకుంది. తల్లి మొహం మాడితే మా ఆయన చూడలేడు. ఒక సెలవు రోజు కూర్చుని, ఆ ఇనప డ్రమ్మును సగానికి కోసి, లోపలంతా సీసం రేకు పరిచి, అతుకు కనబడకుండా చెక్క సుత్తితో నునుపు చేశాడు. తొట్టి లోపల మొహం కనబడేది.

"ఏమయ్యా, సీసం విషమంటారు కదా?" అన్నాను.

"పొగే విషం," అన్నాడు, అరచేత్తో తొట్టి తుడుస్తూ. "గట్టిపడ్డాక సీసం ఏం చేస్తుంది? రోజూ దిమ్మెల మీద కూర్చునే అన్నం తింటున్నాం. తుప్పు పట్టదు, చల్లగా ఉంటుంది, ఇంతకంటే మంచిదేముంది?"

ఆ షెడ్డులో అందరూ అదే మాట అనేవాళ్ళు. కొలిమి దగ్గర మొహానికి తువ్వాలు కట్టుకునేవాళ్ళు. దిమ్మెని మాత్రం పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు. కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

ఆ తొట్టిలో పోసిన రసం నల్లబడలేదు. పైగా తియ్యబడింది. నిమ్మకాయ పులుపు పోయి, తేనె వేసినట్టు నాలుక మీద నిలిచేది. షెడ్డులో అత్తని ఆకాశానికెత్తేశారు. కొలిమి దగ్గర పనిచేసే పొడుగాటి మనిషి ఒకడు ఉండేవాడు, బారెడు అనేవాళ్ళు అతన్ని. అతను ఖాళీ సీసా పట్టుకుని మా గుమ్మంలోకే వచ్చేశాడు.

"పిన్నీ, మా ఇంటిదానికి ఏం తిన్నా ఇమడట్లేదు. కడుపుతో ఉంది. నీ రసం ఒక్కటే నోటికి బాగుందంటోంది."

"పట్టుకెళ్ళు నాయనా, రోజూ పట్టుకెళ్ళు," అని అత్త సీసా అంచు దాకా నింపింది. "నా చెయ్యి మంచిది. పిల్లో పిల్లాడో ఎర్రగా పుడతారు."

నాకు బీట్‌రూట్ వాసనే పడదు. మట్టి నాకినట్టు ఉంటుంది. నేను ఒక్క చుక్క ముట్టలేదు. అత్త మాత్రం పొద్దున్నే రుచి చూసే వంకతో గ్లాసెడు తాగేది. సాయంత్రం తొట్టి తిరిగి వచ్చాక అడుగున చిక్కగా మిగిలినదాన్ని గరిటెతో గీకి గీకి తీసి, పెద్దకొడుకు కోసం దాచేది. చిన్నవాడు అడిగినా పెట్టేది కాదు. "సారమంతా అడుగునే ఉంటుంది. కొలిమి ముందు నిలబడేది వాడు," అనేది. పెద్దకొడుకంటే ఆమెకి పంచప్రాణాలు. ఆయనా తల్లి చేతిలోంచి తీసుకుని, కళ్ళు మూసుకుని, చుక్క మిగల్చకుండా తాగేవాడు.

అద్దం పగిలింది ఆ రోజుల్లోనే.

ఒక మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. రసం వేళ. కొలిమి సెగకి లోపల గాలి వణుకుతోంది. అందరూ దిమ్మెల మీద కూర్చుని గ్లాసులు పట్టుకుని ఉన్నారు. బారెడు ఎప్పట్లాగే ఆటపట్టించాడు.

"ఏం వెన్నముద్దా, ఇవాళ ఇంకా కరగలేదా?"

మా ఆయన గ్లాసు కింద పెట్టాడు. నెమ్మదిగానే పెట్టాడు. పక్కనున్న ఇనప గరిటె, సీసం తోడే పొడుగు గరిటె, తీసి బారెడు మూతి మీద కొట్టాడు. పళ్ళ చప్పుడు నాకు వినబడింది. బారెడు లేచి మా ఆయన జుట్టు పట్టుకుని గోడకేసి బాదాడు. విడదీయడానికి వెళ్ళినవాళ్ళు విడదీయకుండా వాళ్ళూ కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకడు ఇంకొకడి చెవి కొరికాడు. ఎవరు ఎవరి పక్షమో వాళ్ళకే తెలీదు. అందరూ ఎప్పట్నుంచో కాచుకుని కూర్చున్నట్టు కలబడ్డారు. అన్నం గిన్నె నా చేతిలోంచి ఎప్పుడు పడిందో చూసుకోలేదు.

యజమాని పరుగున వచ్చి ఈల వేశాడు. "ఎండలకి వేడి చేసింది మీకు. కూర్చోండి, తలా ఇంకో గ్లాసు తాగండి, చల్లబడతారు," అన్నాడు. తనూ ఒక గ్లాసు ముంచుకుని తాగాడు. బారెడు నోట్లో రక్తం, రసం రెండూ ఒకే రంగులో కారుతున్నాయి.

ఇంట్లో కూడా అదే వరస అయింది. మా ఆయనకి కడుపులో మెలితిప్పే నొప్పి. నిద్ర లేదు. కూర ఉప్పగా ఉందని ఒకరోజు నా చెంప చిట్లేలా కొట్టాడు. నేనూ పడి ఉండే రకం కాదు. చేతిలో క్యారెట్లు కోరే పళ్ళెం ఉంది. దాంతో మోచేతి మీద గీరేశాను, తోలు లేచిపోయింది. ఆయన ఆ రక్తం వైపు చూసి, నా వైపు చూసి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. "నాకేమవుతోందే?" అన్నాడు. దగ్గరికి తీసుకున్నాను. కౌగిట్లో ఉండగానే మళ్ళీ పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఆ క్షణంలో ఆయనంటే నాకు భయం పుట్టింది. నా మొగుడంటే నాకు భయమేమిటని నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఇంకోరోజు మరిది అడ్డం వచ్చాడు. "అన్నా, వదిన మీద చెయ్యేస్తే ఊరుకోను," అన్నాడు. అన్న తమ్ముడి చెయ్యి పట్టుకుని గడప మీద పెట్టి తలుపు వేశాడు. ఎముక విరిగిన చప్పుడుకి ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు.

అత్త నా మీద పడింది. ఆవిడకీ ఆ మధ్య ముక్కు మీదే కోపం. "నువ్వు వాడి ఉసురు పోసుకుంటున్నావు. నా కొడుకు చీమకి కూడా హాని చెయ్యడు. ఇంట్లో సుఖం లేకే ఇలా అయ్యాడు," అని నా మీదికి పీట విసిరింది. అది గోడకి తగిలి విరిగింది. ఆ సాయంత్రం తొట్టిని మరీ శ్రద్ధగా గీకింది. గరిటె చప్పుడు కరకరమని వీధిలోకి వినబడింది. గ్లాసు నిండా పోసి, కొడుకు తల నిమురుతూ తాగించింది.

ఆ వారంలోనే బారెడు భార్యకి కడుపు పోయింది.

ఆ తర్వాత మా ఆయన మణికట్లు వాలిపోవడం మొదలైంది. చెయ్యి చాపితే వేళ్ళు కిందికి వేలాడేవి. ఒక పొద్దున కొలిమి ముందు నిలబడి ఉండగా గరిటె జారిపోయింది. దాని వెనకే ఆయన పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయట, నోట్లో నురగట. మరిది ఒంటిచేత్తో బండి తోసుకుంటూ ఆసుపత్రికి తీసుకొచ్చాడు. రసం తొట్టి తీసుకెళ్ళిన ఆ బండి మీదే. మాకు కబురందించి, తను మళ్ళీ షెడ్డుకి పరుగెత్తాడు. వాడి కళ్ళు చూసి ఆగమన్నాను, వినలేదు.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. మా ఆయన రక్తం పరీక్ష చేయించి వచ్చి, మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టింది.

"సీసం," అంది. "ఇంత ఉండి ఈయన నడుచుకుంటూ పనికి వెళ్ళాడంటే ఆశ్చర్యంగా ఉంది. మెదడు మీదికి పాకింది. కోపం, కొట్టడం, మూర్ఛ, అన్నీ దానివే. మందు ఎక్కిస్తున్నాను. బతుకుతాడనే అనుకుంటున్నాను. మాట ఇవ్వలేను."

అత్త నోరు తెరిచి బావురుమంది. డాక్టరమ్మ ఓదార్చడానికి భుజం మీద చెయ్యి వేసి, ఆ తెరిచిన నోటి వైపు వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత కింది పెదవి వేలితో కొంచెం పక్కకి లాగింది. అత్త చిగుళ్ళ వెంబడి, కాటుక పుల్లతో గీసినట్టు, నీలంగా ఒక గీత.

"మీరు కూడా ఆ షెడ్డులోనే పనిచేస్తారా పెద్దమ్మా?"

"నేనా? నేను ఆ గుమ్మం కూడా ఎప్పుడూ తొక్కలేదు తల్లీ. ఇంట్లో రసం తీస్తాను."

"ఏం రసం?"

అత్త కళ్ళు తుడుచుకుని మొత్తం చెప్పింది. ఎలుకల సంగతి, క్యారెట్లు, నిమ్మకాయలు. అంత ఏడుపులోనూ ఆవిడ గొంతులో కాస్త గర్వం వచ్చింది. "మా పెద్దాడే తొట్టి చేశాడు. లోపలంతా సీసం రేకు పరిచాడు, అద్దంలా ఉంటుంది. అందులో పోస్తే పులుపంతా విరిగి తియ్యగా అవుతుందమ్మా."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. నా వైపు చూసింది. నాకు అర్థమైంది. అత్తకి ఇంకా అర్థం కాలేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"రసం తప్పు కాదు," అంది డాక్టరమ్మ చివరికి, మెల్లగా. "కడుపులో తిండి ఉంటే సీసం కొంచెం తక్కువగా ఒంట్లోకి ఎక్కుతుంది, కూరగాయలు మంచివే. కానీ ఆ ఎలుకలకి రసం పోసినవాళ్ళు ఏ గాజు గిన్నెలోనో పోసి ఉంటారు పెద్దమ్మా. పులుపు సీసాన్ని కరిగిస్తుంది. కరిగితే తియ్యగానే ఉంటుంది. ఆ తొట్టి ఇప్పుడెక్కడుంది?"

"షెడ్డులో," అన్నాను. "ఇది వాళ్ళు తాగే వేళే."

అత్త అప్పటికే లేచింది. చెప్పులు వేసుకోలేదు. ఆ ఎండలో, కాలే రోడ్డు మీద, ఆవిడ అంత వేగంగా నడవగలదని నాకు తెలీదు. నేను వెనక పరుగెత్తాను.

షెడ్డు తలుపులు లోపల్నుంచి మూసి ఉన్నాయి. అత్త రెండు చేతులతో బాదింది. ఎవరో తీశారు.

యజమానిని కొలిమి ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. చొక్కా చిరిగిపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. మా మరిది ఒంటిచేత్తో వాడి మెడ వంచి మొహం పొగలో పెడుతున్నాడు. బారెడు జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, తొట్టిలోంచి గ్లాసు ముంచి నోట్లో పోస్తున్నాడు. పొగలోకి ఒకసారి, రసంలోకి ఒకసారి.

"తాగు సారూ! ఎలుకలకి పనిచేసిందిగా! నీకేం కాదు, తాగు!"

వాడు దగ్గుతున్నాడు, కక్కుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలో తన్నూ తంతున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒక తన్ను తన్నాలనిపించింది. ఇంకాసేపట్లో చచ్చిపోయేవాడే.

అత్త వాళ్ళ మధ్యలోంచి దూసుకెళ్ళి బారెడు చేతిలో గ్లాసు కొట్టిపారేసింది.

"తాగించకురా. అది విషం."

అందరూ ఆగిపోయారు. అత్త డాక్టరమ్మ మాటలు ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్కడా తడబడలేదు. తొట్టి సంగతి, తీపి సంగతి, తన చిగుళ్ళ సంగతి. చెప్పి, పెదవి లాగి అందరికీ చూపించింది. అక్కడున్న మగవాళ్ళు ఒకరి నోరు ఒకరు తెరిచి చూసుకోవడం మొదలుపెట్టారు.

నేల మీద పడి ఉన్న యజమానికి ప్రాణం లేచొచ్చింది. "విన్నారా? విన్నారా? తొట్టి వాళ్ళింటిది! వాళ్ళే పెట్టారు మీకు విషం! నా తప్పేముంది ఇందులో?" అని రక్తం ఉమ్ముతూ అరిచాడు.

"తొట్టి మాదే," అన్నాను, గొంతు పెంచి. "సీసం ఎవరిది? పొగ ఎవరిది? ఫ్యాన్ అడిగితే ఎలుకల కథ చెప్పింది ఎవరు? ఫ్యాన్ పెట్టి ఉంటే ఈ తొట్టి పుట్టేదా?"

బారెడు మా ఇద్దరి మాటలూ వినడం లేదు. అతను అత్తనే చూస్తున్నాడు.

"నా పెళ్ళాం రోజూ తాగింది పిన్నీ," అన్నాడు. "నువ్వే నింపావు."

"నేనే నింపాను నాయనా."

ఇనప గరిటె అతని చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలీదు. నేను కేక వేశాను. మరిది కదిలేలోపే అది పడింది. తల మీద పడాల్సింది, ఆఖరి క్షణంలో అతని చెయ్యే తప్పించిందేమో, అత్త కుడి భుజం మీద పడింది. ఆవిడ అరవలేదు. కూర్చుండిపోయింది. బారెడు గరిటె వదిలేసి, రెండు చేతులతో తల పట్టుకుని, గోడకి జారబడ్డాడు.

కొలిమి అలాగే మండుతోంది.

అత్త లేచింది. కుడి చెయ్యి వేలాడుతోంది. తొట్టి దగ్గరికి వెళ్ళి ఎడమ భుజం ఆనించి తోసింది. కదల్లేదు. మళ్ళీ తోసింది. నేనూ వెళ్ళి చెయ్యి వేశాను, మరిది తన మంచి చెయ్యి వేశాడు. తొట్టి పక్కకి ఒరిగి, రసమంతా షెడ్డు నేల మీద పరుచుకుని, అందరి కాళ్ళ కిందికీ పాకింది. ఎవ్వరూ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

తొట్టి లోపల ఇప్పుడు మొహం కనబడటం లేదు. తెల్లగా, సున్నం పట్టినట్టు పొర కట్టి ఉంది. అడుగున మాత్రం ఆ పొర లేదు. అక్కడంతా గీతలు, ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా తిరుగుతూ. అత్త వంగి చూసింది. తన గరిటె గీతలు ఎవరు గుర్తుపట్టరు?

"ఇదంతా వాడికే పెట్టాను," అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

వానలు పడేసరికి షెడ్డుకి ఫ్యాన్ వచ్చింది. యజమానికి ఒక కంటి చూపు సరిగ్గా తిరిగి రాలేదు. పనివాళ్ళ మీద కేసు పెడతానని ఎగిరాడు. పెడితే ఫ్యాన్ సంగతీ బయటికి వస్తుందని ఎవరో చెప్పినట్టున్నారు, నోరు మూసుకున్నాడు. మరిది చెయ్యి అతుక్కుంది, కొంచెం వంకరగా. వాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. షెడ్డువాళ్ళంతా వంతుల వారీగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చారు. తొట్టిని మరిదే ముక్కలుగా కోసి, ఎవరికీ దొరకని చోట పూడ్చి వచ్చాడు. ఎక్కడో మాకు కూడా చెప్పలేదు.

మా ఆయన బతికాడు. చాలాకాలం ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మణికట్లు ఇంకా వాలే ఉన్నాయి. గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాలి. కానీ కోపం పోయింది. మొదటిరోజు నా బుగ్గ మీద పాత మచ్చ చూసి, "ఇది నేనేనా?" అని అడిగాడు. ఆయన మోచేతి మీది గీతలు చూపించి, "ఇది నేను," అన్నాను. చెల్లుకి చెల్లు అనలేం, అయినా ఆ పూటకి ఏదో ఒకటి అనాలి కదా.

అత్త మాత్రం కొడుక్కి తన చేత్తో ఏదీ పెట్టడం మానేసింది. అన్నం నేనే వడ్డించాలి, నీళ్ళు నేనే ఇవ్వాలి. ఆయన భోజనానికి కూర్చుంటే ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయేది. ఆయన తొట్టి గురించి ఎత్తలేదు, ఆవిడ గరిటె గురించి ఎత్తలేదు. తల్లికి విషం పెట్టిన తొట్టి నేనే చేశానని ఆయన, కొడుక్కి అడుగు గీకి పెట్టింది నేనేనని ఆవిడ, ఒకే ఇంట్లో తప్పించుకు తిరిగేవాళ్ళు. ఇద్దరి మధ్యా నా ప్రాణం విసిగిపోయింది.

ఒకరోజు తలుపు తీస్తే గుమ్మంలో ఒక పెద్ద గాజు జాడీ ఉంది. వీధి మలుపులో బారెడు వీపు కనబడింది. పిలిచాను. ఆగలేదు.

ఆ జాడీని ఎక్కడ పెట్టాలో తెలీక వంటగది గట్టు మీద పెట్టాను. అత్త దాని వైపు చూసేది, పక్కకి తప్పుకునేది. కొన్నాళ్ళకి, నేను సంతకి వెళ్ళి వచ్చేసరికి, వంటగదిలో క్యారెట్లు కోరిన తొక్కలు కనబడ్డాయి. అత్త కుడి చెయ్యి భుజం పైకి లేవదు. ఎడమ చేత్తోనే కోరి, గుడ్డ చివర పళ్ళతో పట్టుకుని పిండింది. జాడీలో రసం ఎర్రగా ఉంది. ముందు తను గ్లాసు పోసుకుని తాగింది. తాగి, పీట మీద కూర్చుని, ఏమైనా అవుతుందేమోనని తన ఒంటిని తనే గమనించుకుంటున్నట్టు చాలాసేపు కదలకుండా ఉంది. తర్వాత నా వైపు గ్లాసు తోసింది.

"వాడికివ్వు."

"నువ్వే ఇవ్వు అత్తా. నేను ఇవ్వను," అన్నాను. నా మొండితనం ఆవిడకి తెలుసు.

ఆవిడ గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల్లి చేతిలో గ్లాసు వైపు చూశాడు. గ్లాసు తొణికి, రసం కొంచెం నేల మీద పడింది.

"అమ్మా," అన్నాడు. "పైది నాకెందుకు? అడుగుది పెట్టు. సారమంతా అడుగునే ఉంటుందన్నావుగా."

ఆయన మొహంలో ఆ పాత నవ్వు, తలొంచుకుని నవ్వేది.

అత్త ఎడమ చెయ్యి లేచింది. గ్లాసు కింద పడి భళ్ళుమంది. ఆ చెయ్యే ఆయన చెంప మీద పడింది, ఇల్లంతా మోగేట్టు. కన్నప్పట్నుంచీ ఆవిడ ఆ కొడుకుని కొట్టింది అదే మొదలు. ఇంకోటి కొట్టింది. ఇంకోటి కొట్టబోయి, ఆ చేత్తోనే వాడి తల పట్టుకుని కడుపుకేసి అదుముకుంది. "ఆ మాట ఎత్తకురా," అని ఏడ్చింది. "ఇంకెప్పుడూ ఎత్తకు." ఆయన వాలిపోయిన చేతులు రెండూ ఎత్తి, తల్లి నడుం చుట్టూ వేయడానికి ప్రయత్నించాడు.

నేను గాజు పెంకులు ఊడ్చాను. ఆ ఇంట్లో ఆ ఏడాది నేను ఊడ్చిన ఆఖరి పెంకులు అవే.

అత్త ఇంకో గ్లాసు తెచ్చి, జాడీలో పైన తేటగా ఉన్నది వంచి, కొడుకు అరచేతుల మధ్య పెట్టి, చెయ్యి వదలకుండా తాగించింది. ఆ తర్వాత జాడీ ఎత్తి, అడుగున మిగిలినదంతా తనే తాగేసింది.